ఒండ్రు నేలకు చేరిన ఎర్రరాయి: దిగువ కృష్ణా రేవులు, గార్నెట్ వర్తకం

విజయవాడ దగ్గర కొండల నడుమ నుంచి బయటపడిన కృష్ణానది సముద్రం దాకా పరచిన డెల్టాలో రాయి పుట్టదు. గుడివాడలోనైనా, బందరులోనైనా, దివిసీమలో నది సముద్రాన్ని చేరే హంసలదీవికి దగ్గరగా ఉన్న కోడూరులోనైనా ఎంత లోతు తవ్వినా వచ్చేది నల్లమట్టి, ఇసుక, అడుసు, ఉప్పునీరు మాత్రమే. కట్టడానికి, చెక్కడానికి, సానపట్టడానికి పనికివచ్చే ప్రతి రాయినీ మనిషి ఎక్కడినుంచో మోసుకొని రావలసిందే. ఘంటసాల స్తూపపు శిల్పాలకు సున్నపురాయి పలనాటి వైపు నుంచి ఎలా వచ్చిందో, ఈ ప్రాంతపు పాతదిబ్బల్లో దొరికే చిన్న రాతిపూస కూడా అలాగే వచ్చింది. రాతినేల మీద ఉన్న ఊరిలో పూస దొరికితే అది స్థానికమా, దిగుమతా అన్న ప్రశ్నకు జవాబు తేలిగ్గా తేలదు గాని, ఒండ్రునేలలో ఆ సందేహానికి చోటు లేదు. డెల్టా రేవుల చరిత్రను అక్కడి బట్టల వర్తకం ద్వారా, ఆ తరువాత కాలంలో వజ్రాల ద్వారా చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ రెండింటి వెనుక నిలిచిపోయిన మరొక సరుకు ముదురు ఎరుపు గార్నెట్. దాని దారిని వెతకడానికి పాత రాతలకంటే ఆ రాయే ఎక్కువ సహాయపడుతుంది.

గార్నెట్ సిలికేటు ఖనిజాల కుటుంబానికి చెందింది. సిలికాన్, ఆక్సిజన్ అనే రెండు మూలకాలు కలిసి ఏర్పరచే నాలుగు మూలల అల్లికను ఆధారంగా చేసుకొని, దానికి లోహాలు జతపడగా తయారయ్యే ఖనిజాలను సిలికేటులంటారు. భూమి పైపొరలో అత్యధిక భాగం ఇవే. గార్నెట్‌లో ఈ అల్లికలు ఒకదానితో ఒకటి నేరుగా ముడిపడకుండా విడివిడిగా ఉండి, వాటి నడుమ ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు, కాల్షియం, అల్యూమినియం వంటి లోహాల పరమాణువులు ఇమిడి ఉంటాయి. ఏ లోహం ఎక్కువైతే ఆ పేరుతో గార్నెట్‌ను పిలుస్తారు. ఇనుము, అల్యూమినియం ప్రధానమైనది ఆల్మండీన్. మెగ్నీషియం, అల్యూమినియం ప్రధానమైనది పైరోప్. కాల్షియం, అల్యూమినియం గలది గ్రాస్యులర్. నవరత్నాలలో ఒకటిగా తెలుగువారందరికీ తెలిసిన గోమేధికం ఈ మూడవ రకంలోని తేనెరంగు రాయి కాగా, ఈ వ్యాసానికి విషయమైనది మొదటిదైన ఆల్మండీన్. దాని రంగు దానిమ్మ గింజను పోలి, కొన్నిచోట్ల ఊదా ఛాయ కలిగి ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో అది 7 నుంచి 7.5 వరకు ఉంటుంది గనుక స్ఫటికరాయిని గీయగలదు. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు గనుక ఏటి ప్రవాహంలో తేలికపాటి ఇసుక కొట్టుకుపోయినా అది అడుగున నిలిచిపోతుంది.

ప్రాచీనులకు ఈ రసాయనిక వర్గీకరణ తెలియదు. ఎర్రగా, నిప్పుకణికలా మెరిసే రాళ్లన్నిటినీ, అంటే నేటి కెంపు, స్పినెల్, గార్నెట్ అన్నిటినీ, గ్రీకు రోమను రచయితలు ఒకే వర్గంలో చేర్చారు. సంస్కృత రత్నశాస్త్ర గ్రంథాలు పేర్కొన్న పులకమనే రాయి గార్నెట్ అయి ఉంటుందని పండితుల అభిప్రాయం. అందువల్ల పాత రాతల్లో ఎర్రరాయి ప్రస్తావన కనబడినంత మాత్రాన అది గార్నెట్ అని తీర్పు చెప్పడం కుదరదు. సిలికాన్ లేని అల్యూమినియం ఆక్సైడు కెంపు; అది గార్నెట్ కంటే గట్టిది, అరుదైనది, ఖరీదైనది. వర్తకుడు ఈ రెండింటినీ కలిపి అమ్మడానికి, కొనేవాడు మోసపోవడానికి ఆ రోజుల్లో అవకాశం ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

డెల్టాకు అతి దగ్గరలో గార్నెట్ ఎక్కడుంది అన్న ప్రశ్నకు ఒక విధంగా జవాబు విజయవాడలోనే ఉంది. అక్కడి కొండల్లోని ముఖ్యమైన శిల ఖొండలైటు. మట్టి అవక్షేపాలు భూగర్భంలో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై కొత్త ఖనిజాలుగా మారగా ఏర్పడిన శిలలను రూపాంతర శిలలంటారు. ఖొండలైటు అటువంటిది, గార్నెట్ దానిలో ప్రధాన భాగం. తూర్పుకనుమల పొడుగునా ఉన్న ఈ శిల వానకు, ఎండకు చితికి, ఆ రేణువులు ఏరుల వెంట సముద్రానికి చేరడం వల్లనే ఆంధ్ర తీరపు ఇసుకలో అక్కడక్కడ ఎర్రటి చారలు కనిపిస్తాయి. అయితే ఈ రేణువులు ఆవగింజలకంటే చిన్నవి, తరచుగా పగుళ్లతో నిండినవి. వాటిని రంధ్రం చేసి దారానికి గుచ్చడం సాధ్యం కాదు. రత్నంగా పనికిరావాలంటే రాయి పెద్దదై, లోపల పగుళ్లు లేక, వెలుగును లోనికి రానిచ్చేదిగా ఉండాలి. ఆ మూడు గుణాలున్న ఆల్మండీన్ కోసం డెల్టా నుంచి వాయవ్యంగా, నేటి తెలంగాణలోని కొత్తగూడెం పరిసరాలకు పోవలసి ఉంటుంది.

ఆ ప్రదేశం గరీబ్‌పేట. నిజాం పాలనలో వరంగల్ జిల్లాలో ఉండి, 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు దానిలోకి వచ్చి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం గార్నెట్ కొండగా చాలాకాలంగా ప్రసిద్ధం. ఇక్కడి రూపాంతర శిలలో పుట్టిన గార్నెట్ స్ఫటికాలు, చుట్టూ ఉన్న మెత్తని అభ్రకపు పొరలు అరిగిపోగా, తాము మాత్రం చెక్కుచెదరకుండా బయటపడి కొండ పాదంలోని మట్టిలో, వాగుల ఒండ్రులో పోగుపడ్డాయి. ఇలా మాతృశిల నుంచి విడివడి వేరేచోట చేరిన ఖనిజ రాశిని భూవిజ్ఞానులు ద్వితీయ నిక్షేపం అంటారు. ప్రాచీన కాలపు రత్నసేకరణకు ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. గట్టి శిలను పగలగొడితే లోపలి స్ఫటికం కూడా పగిలే ప్రమాదముంది. ఒండ్రులో దొరికే రాయి మాత్రం వేల ఏళ్ల దొర్లుడులో పగుళ్లున్న భాగాలను ముందే పోగొట్టుకొని, గట్టి భాగం ఒక్కటే మిగిలినదై ఉంటుంది. లోతు గనులు, పెద్ద పనిముట్లు అవసరం లేకుండా గుంత తవ్వి, మట్టిని కడిగి, బరువు రాళ్లను ఏరుకోవడంతో పని తీరిపోతుంది. రాయిని సానపట్టడానికి కావలసిన కురువిందం, అంటే వజ్రం తరువాత అత్యంత గట్టిదైన కోరండం, ఇదే ఖమ్మం ప్రాంతంలో లభించడం మరొక సౌకర్యం.

గరీబ్‌పేట నుంచి బందరు తీరానికి నేల మీద సూటిగా గీత గీస్తే సుమారు 160 కిలోమీటర్లు. కొండ చుట్టుపక్కల వాగులు గోదావరి వైపు పోతాయి గాని, కొంచెం పడమరగా ఖమ్మం మీదుగా పారే మున్నేరు దక్షిణానికి వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ లోయ వెంట నడిచే ఎడ్లబాటకు పెద్ద ఆటంకం లేదు. అందుచేత ఆ రాతికి సముద్రపు దారి కృష్ణా డెల్టాయే కావడం భూగోళం దృష్ట్యా సహజం. అయితే సహజమైన దారి అన్నంత మాత్రాన అదే దారిలో సరుకు నడిచిందని చెప్పడానికి వీల్లేదు గనుక, ఆ కాలపు రేవుల సంగతి ముందు చూడవలసి ఉంది.

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అనే ఓడదారుల గ్రంథం ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. రాళ్ల ఊసు అందులో ఈ తీరం దగ్గర రాలేదు. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నుంచి రాసిన భూగోళవేత్త టాలెమీ మైసోలియా అనే పేరు కింద మైసోలోస్ నదీముఖాన్ని, కంటకస్సిల అనే వర్తకస్థానాన్ని, కొడ్డూర అనే ఊరిని, అల్లోసిగ్నె అనే మరో వర్తకస్థానాన్ని వరుసగా పేర్కొని, ఆ తరువాత సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటును గుర్తించాడు. వీటిలో కంటకస్సిల నేటి ఘంటసాల అన్న విషయంలో తగవు లేదు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ఇక్ష్వాకుల నాటి శాసనం కంటకసెల మహాచైత్యాన్ని పేర్కొంటుంది, ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనం శివకుడనే మహానావికుణ్ణి పేర్కొంటుంది. కొడ్డూర సంగతి అలా తేలలేదు. 19వ శతాబ్దపు పండితులు దానిని బందరుకు వాయవ్యంగా ఉన్న గూడూరుతో పోల్చగా, పేరులోని ధ్వనిని బట్టి దివిసీమలోని కోడూరని చెప్పినవారూ ఉన్నారు. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో డెల్టా తీరం శతాబ్దాల పొడుగునా సముద్రంలోకి జరుగుతూ వచ్చిందన్నది భూవిజ్ఞానులు నిర్ధారించిన సంగతి. నేడు బందరుకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, నేల లోపల ఉన్న ఘంటసాల ఆనాడు ఓడలకు అందుబాటులో ఉండేదంటే, ఇప్పటి సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న కోడూరు నేల అప్పటికి ఏ మేరకు గట్టిపడి ఉంటుందనే ప్రశ్న తప్పదు. ఈ కారణంగా గూడూరు వాదానికే బలం ఎక్కువని తోస్తుంది; అయినా పేరులోని పోలిక ఇంత దగ్గరగా ఉన్నప్పుడు కోడూరు వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చడమూ తొందరపాటే అవుతుంది. శాతవాహనుల సీసపు నాణేల మీద కనిపించే రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఈ రేవుల సందడికి రాజముద్ర వంటి సాక్ష్యం.

రాళ్లు ఈ నేలకు వచ్చాయనడానికి రాతల్లో లేని సాక్ష్యం తవ్వకాల్లో ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు మూడు రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీది క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ లిపి శాసనాలను గెయోర్గ్ బ్యూలర్ చదివి ప్రకటించాడు. ఆనాడు భట్టిప్రోలు కృష్ణా జిల్లాలోనే ఉండేది. గుంటూరు జిల్లా 1904లో వేరుపడిన తరువాతనే అది అటు పోయింది. ఆ కరండాల్లో ధాతువులను దాచిన స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, రంగురాళ్ల పూసలు ఉన్నాయి. ఆరు పలకల స్ఫటికం ఒకదాని మీద సైతం అక్షరాలు చెక్కి ఉన్నాయి. బుద్ధుని ధాతువుతోపాటు విలువైన రాళ్లను నిక్షేపించడం బౌద్ధంలో స్థిరపడిన ఆచారం, ఆ రాళ్లు దాతల స్తోమతనే కాక ఆ ఊరికి ఏయే దిక్కుల నుంచి సరుకు వస్తున్నదో కూడా చెబుతాయి. గుడివాడలో పడమటి దిబ్బ గురించి 19వ శతాబ్దం చివరలో రాసినవారు అక్కడ రకరకాల కుండలు, శాతవాహనుల నాణేలు, లోహపు పూసలు, రాతి పూసలు, గాజు పూసలు దొరుకుతున్నాయని నమోదు చేశారు. ఆ దిబ్బను శాస్త్రీయంగా పొరలు పొరలుగా తవ్వకముందే మట్టి కోసం, పూసల కోసం జనం తవ్వుకుపోవడం వల్ల జరిగిన నష్టం పూడ్చుకోలేనిది, ఏ పూస ఏ కాలపు పొరలోనిదో తెలిస్తే ఈ వర్తకపు కాలక్రమాన్ని ఇంతకంటే గట్టిగా చెప్పగలిగేవారు.

ఎర్రరాయి పూస కావడానికి పట్టే శ్రమ తక్కువది కాదు. ముందుగా రాయిని చిన్న సుత్తితో చెక్కి, పగుళ్లున్న అంచులను రాల్చి, ఉజ్జాయింపుగా గుండ్రటి ఆకారానికి తెస్తారు. ఆ పైన తడి చేసిన బండ మీద, కురువిందం పొడి చల్లి అరగదీసి నునుపు చేస్తారు. అన్నిటికంటే కష్టమైనది బెజ్జం వేయడం. గార్నెట్ స్ఫటికరాయికంటే గట్టిది గనుక ఇసుకతోనో చెకుముకి మొనతోనో పొడిచే బరమా దానికి చాలదు; వజ్రపు చిన్న తునకలను మొనకు బిగించిన బరమాలను భారతీయ పూసల పనివారు వాడారని, ప్రాచీన పూసల బెజ్జాల లోపలి గీతలను సూక్ష్మదర్శినితో పరిశీలించినవారు తేల్చారు. బెజ్జాన్ని ఒకవైపు నుంచే వేస్తే రెండవవైపు బయటపడే సమయంలో రాయి పెచ్చులూడుతుంది గనుక రెండు వైపుల నుంచి వేసి మధ్యలో కలుపుతారు. చాలా పూసల్లో ఈ కలయిక దగ్గర బెజ్జం కొంచెం వంకర తిరిగి ఉంటుంది. వజ్రం పుట్టే నేల, గార్నెట్ పుట్టే నేల, కురువిందం పుట్టే నేల ఒకే నదీ ప్రాంతంలో ఇరుగుపొరుగున ఉండడం తెలుగుదేశపు విశేషం. అయినా ఈ రాతిని పూసగా మలచిన అతిపెద్ద పనిచోటు, ఇంతవరకు తెలిసినంతలో, తెలుగు నేల మీద లేదు. గరీబ్‌పేటకు 600 కిలోమీటర్లకు పైగా దక్షిణాన, పుదుచ్చేరి పక్కన అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడులో ఉంది.

1945లో మార్టిమర్ వీలర్, 1947 నుంచి 1950 వరకు కసాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ తవ్విన అరికమేడు రోమను పాత్రలకే కాక పూసల తయారీకి కూడా పేరుపడింది. అక్కడ దొరికినవాటిలో పూర్తయిన గార్నెట్ పూసలతోపాటు సగం చెక్కినవి, బెజ్జం వేసేటప్పుడు పగిలినవి, ముడిరాళ్లు కూడా ఉన్నాయి, అంటే ముడిసరుకు అక్కడికి చేరి, పని అక్కడే జరిగింది. ఆ రాయి ఎక్కడిదన్న ప్రశ్నకు కార్ల్ ష్మెట్‌జర్, ఆల్బర్ట్ గిల్గ్, జయశ్రీ పంజీకర్ తదితరులు 2017లో 'జర్నల్ ఆఫ్ జెమ్మాలజీ'లో ప్రకటించిన పరిశోధన జవాబు చెప్పింది. వారి పద్ధతి రెండు విధాల పరీక్షల కలయిక. గార్నెట్ స్ఫటికం భూగర్భంలో మధ్య నుంచి అంచుకు పెరుగుతూ పోయేటప్పుడు చుట్టూ ఉన్న వేడి, ఒత్తిడి మారిన కొద్దీ అందులో చేరే మాంగనీసు, మెగ్నీషియం, కాల్షియం పాళ్లు మారుతాయి; ఆ మార్పుల వరుస మొదటి ఆధారం. పెరిగేటప్పుడు స్ఫటికం తనలోకి ఇముడ్చుకున్న ఇతర ఖనిజాల తునకలు, ముఖ్యంగా సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నని సూదులు, రాతి లోపల ఏ భాగంలో ఎలా పరచుకొని ఉన్నాయన్నది రెండవ ఆధారం. మధ్య భాగంలో ఇటువంటి చేరికలు దట్టంగా ఉండి, అంచు దాదాపు నిర్మలంగా ఉండే గరీబ్‌పేట రాయి స్వభావమే అరికమేడు పూసల్లో కనిపించింది. ఆ మరుసటి ఏడు, 2018లో, గిల్గ్, ష్మెట్‌జర్, ష్యూస్లర్ 'జెమ్స్ అండ్ జెమాలజీ' పత్రికలో మరొక రాతిని పరిచయం చేశారు: క్రైస్తవ మతచిహ్నం చెక్కిన తొలి బైజాంటైన్ కాలపు ఆల్మండీన్. అది కూడా గరీబ్‌పేటదే. గోదావరి, కృష్ణల నడుమ ఒక చిన్న కొండ పాదంలో ఏరిన రాయి తూర్పు మధ్యధరా లోకంలో ఒక భక్తుని మతచిహ్నాన్ని మోసిందన్న మాట.

పడమటి దేశాల్లో ఎర్ర గార్నెట్ మీద మోజు అలెగ్జాండర్ దండయాత్రల తరువాత, క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి బలపడింది. క్రీ.శ. 79లో మరణించిన రోమను రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర చివరి భాగంలో నిప్పురంగు రాళ్లలో భారతదేశపు వాటిని ప్రత్యేకంగా పేర్కొని, రాయి అడుగున రేకులు పెట్టి లేని మెరుపు తెప్పించే పనివారి నేర్పును, గాజుతో చేసే నకళ్లను కూడా ప్రస్తావించాడు. ఆల్మండీన్ ముదురు రంగు రాయి గనుక మందంగా ఉంటే నల్లగా కనబడుతుంది. పలుచగా కోయడం, వెనుకవైపు గుల్ల చేయడం, అడుగున మెరిసే రేకు పెట్టడం అనే మూడు ఉపాయాలు అందుకే పుట్టాయి. ఆ ఉపాయాలు పరాకాష్ఠకు చేరింది 5, 6, 7 శతాబ్దాల ఐరోపాలో. బంగారు గళ్లలో పలుచని గార్నెట్ పలకలను ఇమిడ్చి చేసే తాపడపు పని అప్పటి రాజుల కత్తిపిడుల మీద, పటకాల మీద విరివిగా కనిపిస్తుంది. 481 ప్రాంతంలో మరణించిన ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధి 1653లో టూర్నేలో బయటపడినప్పుడు, ఇంగ్లండులోని సటన్ హూ ఓడ సమాధిని 1939లో తవ్వినప్పుడు దొరికిన ఆభరణాలు ఈ పనికి ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఫ్రెంచి పరిశోధకులు కలిగారో, పెరాన్ ఆ కాలపు రాళ్లను విశ్లేషించి వాటిలో ఎక్కువ భాగం భారతదేశం, శ్రీలంకల నుంచి వచ్చినవని, కాలం గడిచిన కొద్దీ బొహీమియా పైరోప్ వాటి స్థానాన్ని ఆక్రమించిందని చూపారు. భారతదేశం అన్నంత మాత్రాన అదంతా గరీబ్‌పేట అని గర్వించడం తగదు. రాజస్థాన్‌లోని రాజమహల్ గనులు కూడా రత్నశ్రేణి ఆల్మండీన్‌కు పేరుపొందినవే, పడమటి తీరపు రేవులకు అవే దగ్గర.

తూర్పు దిక్కున కూడా ఈ రాయి నడిచింది. కంబోడియాలోని ఫుమ్ స్నాయ్ సమాధుల్లో, వియత్నాంలోని ఓక్ ఏవ్ రేవుపట్టణంలో గార్నెట్ పూసలు దొరికాయి. సువర్ణభూమికి ఓడలు తిరిగే చోటును టాలెమీ మైసోలియా పక్కనే గుర్తించిన సంగతిని దీనితో కలిపి చూస్తే, ఆ పూసల్లో కొన్నయినా డెల్టా రేవుల మీదుగా పోయి ఉండవచ్చుననిపిస్తుంది. అరికమేడు నుంచి నేరుగా పోయిన దారి కూడా అంతే సాధ్యం గనుక ఊహను ఊహగానే ఉంచాలి.

ఇంతకీ రాయి తూర్పుతీరానికి ఎలా దిగింది, అరికమేడుకు ఎలా పోయింది అన్న ప్రశ్నకు రెండు జవాబులు సాధ్యం. ఒకటి, కొండ నుంచి నేల మీదుగానే ఎడ్లబండ్ల మీద దక్షిణానికి పోవడం. రెండవది, కృష్ణా ముఖానికి వచ్చి తీరపు పడవల్లో దక్షిణానికి సాగడం. 600 కిలోమీటర్ల నేలదారిలో అడుగడుగునా నదులు దాటాలి, సుంకాలు కట్టాలి. తీరం వెంట ఈశాన్య ఋతుపవనపు గాలి వాలులో పడవ తేలికగా దక్షిణానికి పోతుంది. మసాలియా బట్టలు దక్షిణపు రేవులకు ఏ పడవల్లో పోయేవో, ఆ పడవల్లోనే ఒక మూల సంచి రాళ్లు కూడా పోయి ఉంటాయన్నది రెండింటిలో సబబైన జవాబు. గార్నెట్ ముడిరాయికి ప్రత్యేకమైన ఓడ అక్కరలేదు, ప్రత్యేకమైన గిడ్డంగి అక్కరలేదు. పెరిప్లస్ వంటి గ్రంథాలు ఓడ నిండే సరుకును చెప్పాయే గాని సంచిలో పోయే సరుకును ప్రతి రేవు దగ్గరా చెప్పలేదు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వర్తకుడై తరువాత సన్యాసి అయిన కాస్మాస్ ఈ రాతి ఎగుమతిని కబేర్ అనే రేవుకు, అంటే కావేరీముఖానికి, ముడిపెట్టి రాశాడు. పుట్టిన చోటు పేరు పోయి, చివరిగా ఓడెక్కిన చోటు పేరు మిగలడం సరుకుల చరిత్రలో తరచుగా జరిగేదే, గోల్కొండలో ఒక్క వజ్రమూ పుట్టకపోయినా గోల్కొండ వజ్రాలన్న పేరు నిలిచినట్టు.

వెయ్యేళ్ల తరువాత బందరు మళ్లీ ప్రపంచపటంలోకి వచ్చినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోయింది. గోల్కొండ కుతుబ్‌షాహీల ముఖ్య రేవుగా బందరు పెరిగి, డచ్చివారు వచ్చిన కొన్నేళ్లకే 1611లో ఆంగ్లేయులు కూడా అక్కడ కొట్టు తెరిచారు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఆంగ్ల వర్తకుల పెద్దగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. వజ్రాల గనిని స్వయంగా చూసి విపులంగా వర్ణించిన ఆయన, ఈ దేశంలో దొరికే స్ఫటికం, గార్నెట్, అమెథిస్టు, అగేటు వంటి రాళ్లను మెత్తనివి, తక్కువ వెలకు పోయేవి అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ వాక్యం చిన్నదే అయినా విలువైనది: గార్నెట్ అప్పటికీ బందరు వర్తకుల ఎరుకలో ఉందని అది చెబుతుంది, దానికోసం డబ్బు పెట్టేవారు లేరని కూడా చెబుతుంది. పక్కనే పరిటాల, కొల్లూరు వజ్రపు గనులు వేలమందితో కిటకిటలాడుతుంటే ఎర్రరాయి వైపు చూసే తీరిక ఎవరికి ఉంటుంది? పైగా ఐరోపాకు కావలసిన గార్నెట్ బొహీమియాలోనే దొరుకుతుండడంతో దానిని ఆరు నెలల సముద్రయానం చేయించి తీసుకుపోవడం వర్తకుడి లెక్కకు ఆనలేదు.

ఆ తరువాత రెండు శతాబ్దాల్లో బందరు వర్తకం మద్రాసుకు, అక్కడి నుంచి కలకత్తాకు తరలిపోయింది; 1864 నవంబరు ఉప్పెన పట్టణంలోను పరిసరాల్లోను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొని రేవు పతనాన్ని పూర్తి చేసింది. గరీబ్‌పేట రాయి నిజాం రాజ్యంలో స్థానికంగా అమ్ముడుపోయే చిన్న సరుకుగా మిగిలింది. గార్నెట్‌కు నేడు పెద్ద గిరాకీ ఆభరణాల్లో కాక పరిశ్రమల్లో ఉంది. తీరపు ఇసుక నుంచి వేరుచేసిన రేణువులను నీటిధారతో కలిపి ఉక్కు పలకలు కోయడానికి, తుప్పు రాల్చడానికి, సాన కాగితం మీద అంటించడానికి వాడతారు. బందరు మాత్రం నగల ఊరుగానే నిలిచింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న చిలకలపూడిలో రోల్డుగోల్డు పని వందలాది కుటుంబాలకు జీవనాధారం. అక్కడ హారాల్లో, జుమికీల్లో, వడ్డాణాల్లో పొదిగే ఎర్రరాళ్లు చాలావరకు గాజువి, కృత్రిమంగా చేసినవి, ఒకనాటి గుడివాడ దిబ్బలోని రాతిపూసల మాదిరిగానే వాటిలో ప్రతి ఒక్కటీ బయటి ఊళ్ల నుంచి కొనుక్కొచ్చినదే.